తోలుపని – చేతులు నేర్చే విద్య

పాఠ్యభాగ ఉద్దేశం

నిత్యజీవితంలో వాడే ఒక వస్తువు వెనుక ఉన్న శాస్త్రాన్ని, శ్రమను, ఆ శ్రమ చేసిన మనుషులను గుర్తించడం. తోలుపనిని అభిరుచిగా అభ్యసించదలచినవారికి అవసరమైన పదార్థాలను, పనిముట్లను, కుట్టు విధానాన్ని పరిచయం చేయడం. చేతివృత్తుల పట్ల గౌరవభావాన్ని పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

మానవుడు నూలు వడకడం, బట్ట నేయడం నేర్వకముందే జంతుచర్మాన్ని ఒంటికి కప్పుకున్నాడు. 2008వ సంవత్సరంలో ఆర్మీనియా దేశంలోని అరేనీ అనే చోట, ఒక గుహలో, పురాతత్త్వవేత్తలకు ఒక తోలు పాదరక్ష దొరికింది. దాని వయస్సు సుమారు 5,500 సంవత్సరాలు. ఒకే ఆవుతోలు ముక్కను పాదానికి అనుగుణంగా మడిచి, అంచుల వెంబడి రంధ్రాలు చేసి, తోలుతాడుతోనే బిగించి దానిని తయారు చేశారు. ఆ పాదరక్షను తొడుక్కున్న మనిషి ఏ భాష మాట్లాడాడో, అతని పేరేమిటో ఎవరికీ తెలియదు. కాని దానిని కుట్టిన చేయి ఎంత నేర్పు గలదో నేటికీ ఆ రంధ్రాల వరుస చెబుతూనే ఉన్నది.

చిత్రలేఖనం, తోటపని, అల్లికల వలెనే నేడు తోలుపని కూడా ప్రపంచమంతటా ఒక అభిరుచిగా వ్యాపించింది. తీరిక వేళల్లో తమ చేతులతో ఒక పర్సునో, నడికట్టునో, పుస్తకపు తొడుగునో తయారు చేసుకొని ఆనందించేవారు ఎందరో ఉన్నారు. వారిలో వైద్యులు, ఇంజనీర్లు, ఉపాధ్యాయులు, విద్యార్థులు ఉన్నారు. అయితే తెలుగునేల మీద ఈ పనికి మరొక చరిత్ర ఉన్నది. ఇక్కడ అది అభిరుచిగా పుట్టలేదు. బ్రతుకుదెరువుగా పుట్టి, తరతరాలపాటు అవమానాన్ని మోసింది. ఆ చరిత్రను తెలుసుకోకుండా పనిముట్టును మాత్రమే చేతబట్టితే నేర్చిన విద్య సగమే అవుతుంది.

చర్మం తోలుగా మారే విధం

చర్మం వేరు, తోలు వేరు. జంతువు నుంచి తీసిన పచ్చిచర్మం తడిగా ఉంటే కుళ్ళుతుంది. ఎండితే రేకువలె బిరుసెక్కుతుంది. ఈ రెండు దోషాలనూ పోగొట్టి, మెత్తదనాన్ని, మన్నికను ప్రసాదించే ప్రక్రియకే తోలు పదును చేయడం అని పేరు. పదునైన చర్మమే తోలు.

చర్మంలో ప్రధానంగా ఉండేది కొల్లాజెన్ అనే మాంసకృత్తు. అది సన్నని పోగులుగా, ఒకదానితో ఒకటి పెనవేసుకొని ఉంటుంది. చెట్ల బెరళ్ళలో, కాయలలో ఉండే టానిన్ అనే వగరు పదార్థం ఈ పోగులకు అంటుకొని, సూక్ష్మజీవులు వాటిని తినివేయకుండా కాపాడుతుంది. కరక్కాయ ముక్కను నమిలినప్పుడు నాలుక పట్టివేసినట్లు అనిపించడానికి కారణం ఆ టానిన్ లాలాజలంలోని మాంసకృత్తులతో కలియడమే. నాలుక మీద ఒక నిమిషంలో తెలిసే ఆ వగరే, తొట్టిలో వారాల తరబడి పనిచేసి చర్మాన్ని తోలుగా మారుస్తుంది.

సంప్రదాయ పద్ధతిలో పచ్చిచర్మాన్ని మొదట ఉప్పు పట్టించి నిల్వ చేస్తారు. తరువాత నీటిలో నానబెట్టి, సున్నపు నీటిలో ఉంచుతారు. సున్నం వల్ల వెంట్రుకల మొదళ్ళు వదులై, గీరితే ఊడివస్తాయి. లోపలి వైపున మిగిలిన మాంసపు పొరను కత్తితో గీరివేసి, సున్నాన్ని పూర్తిగా కడిగి, ఆ చర్మాన్ని బెరడు కషాయంలో వేస్తారు. ఈ తొట్టినే లంద అంటారు. తొలుత పలుచని కషాయంలో ఉంచి, క్రమంగా చిక్కని కషాయానికి మార్చడం ఇందులోని మెలకువ. మొదటే చిక్కని కషాయంలో వేస్తే పైపొర గట్టిపడి, లోపలికి కషాయం ఇంకదు. పైకి తోలుగా కనిపించినా నడుమ పచ్చిచర్మమే మిగులుతుంది. రసాయనశాస్త్ర గ్రంథాలు లేని కాలంలో, చేతి స్పర్శతో, ముక్కుకు తగిలే వాసనతో, కోసిన అంచు రంగుతో ఈ సంగతులన్నీ కనిపెట్టినవారు పల్లెటూరి పనివారు.

తెలుగు ప్రాంతాలలో ఈ పనికి తుమ్మచెక్క, తంగేడు చెక్క, కరక్కాయ విరివిగా వాడేవారు. బతుకమ్మలో పేర్చే తంగేడు పువ్వు అందరికీ పరిచితమే. 2014లో అది తెలంగాణ రాష్ట్ర పుష్పమయింది. అదే మొక్క బెరడు శతాబ్దాలపాటు ఊరి చెప్పులకు పదును పెట్టిందన్న సంగతి మాత్రం ఎక్కువమందికి తెలియదు. పువ్వు పండుగకు ఎక్కింది. బెరడు లందలో మునిగింది.

ఊరికి తోలు, తోలుకు ఊరు

యంత్రాలు రాకపూర్వం వ్యవసాయం తోలు లేక ఒక్కరోజు కూడా సాగేది కాదు. బావి నుంచి నీరు తోడే మోటకు తోలుతిత్తి కావాలి. కమ్మరి కొలిమి మండాలంటే తోలుతిత్తి ఊదాలి. ఎద్దు మెడలోని పట్టెడ, చేతిలోని చెర్నాకోల, ముళ్ళబాటలో నడిచే రైతు కాలి చెప్పు, జాతరలో మ్రోగే డప్పు – అన్నీ తోలుతో అమరినవే. ఊరి పంట ఈ పనివారి చేతుల మీదుగా ఇంటికి చేరింది.

ఈ విద్యను తరతరాలుగా కాపాడినవారు ప్రధానంగా మాదిగ సామాజిక వర్గానికి చెందినవారు. వారి చేతిలో తయారైన వస్తువును ఊరు స్వీకరించింది. ఆ చేతిని మాత్రం దూరంగా ఉంచింది. వారి నివాసం ఊరికి వెలుపల ఉండేది. వారు కుట్టిన చెప్పులను వారే తొడుక్కొని వీధిలో నడవడానికి వీలులేని గ్రామాలు ఉండేవి. గుఱ్ఱం జాషువ రచించి 1941లో వెలువడిన 'గబ్బిలం' కావ్యంలోని కథానాయకుడు ఈ అరుంధతీయుల సంతతివాడే. దేశపు పాదం కందకుండా చెప్పులు కుట్టి, తాను మాత్రం ఆకలితో పడుకొనే ఆ మనిషి ఆవేదనయే ఆ కావ్యానికి ప్రాణం. 1950లో అమలులోకి వచ్చిన భారత రాజ్యాంగం తన 17వ అధికరణం ద్వారా అంటరానితనాన్ని నిషేధించింది. చట్టం చేయవలసిన పని చట్టం చేసింది. మనస్సు చేయవలసిన పని ఇంకా మిగిలే ఉన్నది.

తోలును ఎంచుకున్న శాస్త్రవేత్త

తోలుపనిని శాస్త్రస్థాయిలో నిలబెట్టినవారిలో తెలుగువాడైన యలవర్తి నాయుడమ్మ అగ్రగణ్యుడు. ఆయన 1922లో గుంటూరు సీమలోని తెనాలి సమీపాన గల యలవర్రు గ్రామంలో, రైతు కుటుంబంలో జన్మించాడు. రసాయన సాంకేతిక శాస్త్రం చదివి, తోళ్ళ శాస్త్రాన్నే తన పరిశోధనారంగంగా ఎంచుకున్నాడు. చదువుకున్నవారు తోలు పరిశ్రమ వైపు చూడటానికి సంకోచించే రోజులవి. అమెరికాలోని లేహై విశ్వవిద్యాలయంలో ఉన్నత పరిశోధన చేసి తిరిగివచ్చి, మద్రాసులో 1948లో స్థాపితమైన కేంద్రీయ తోళ్ళ పరిశోధన సంస్థకు అనంతర కాలంలో సంచాలకుడై, దానిని ప్రపంచ ప్రసిద్ధమైన సంస్థగా తీర్చిదిద్దాడు. 1971లో శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలికి సర్వసంచాలకుడయ్యాడు. అదే సంవత్సరం భారత ప్రభుత్వం ఆయనను పద్మశ్రీతో సత్కరించింది. 1985 జూన్ 23న ఆకాశంలో పేలిపోయిన 'కనిష్క' విమాన దుర్ఘటనలో ఆయన మరణించాడు.

పరిశోధనాలయంలో కనిపెట్టిన సంగతి పల్లెలోని లంద వద్దకు చేరకపోతే ఆ పరిశోధనకు సార్థకత లేదని ఆయన విశ్వసించాడు. ఊరి పనివాని అనుభవమూ, ప్రయోగశాలలోని గాజుగొట్టమూ ఒకదాని నుంచి ఒకటి నేర్చుకోవాలన్నది ఆయన జీవితం తెలిపే పాఠం.

తోలును ఎంచుకొనే విధం

అభిరుచిగా తోలుపని నేర్చుకొనేవారు మొదట తెలుసుకోవలసినది తోలును గుర్తించడం. బజారులో ప్రధానంగా రెండు విధాల తోలు లభిస్తుంది. మొదటిది బెరడు కషాయంతో పదును చేసినది. ఇది కొంచెం బిరుసుగా, లేత గోధుమరంగులో ఉంటుంది. నీరు తగిలిన చోట నల్లబడుతుంది. తడిపి నొక్కితే ఆ ముద్రను నిలుపుకుంటుంది. ఎండ, చేతి నూనె తగిలిన కొద్దీ రంగు చిక్కనవుతుంది. రెండవది క్రోమియం లవణాలతో పదును చేసినది. 19వ శతాబ్దంలో రూపొందిన ఈ పద్ధతిలో వారాల పని గంటల్లో ముగుస్తుంది. ఈ తోలు మెత్తగా, సాగేదిగా ఉంటుంది. కోసిన అంచులో తరచుగా నీలి బూడిదరంగు కనబడుతుంది. నేడు ప్రపంచంలో తయారయ్యే తోలులో అధికభాగం ఈ రెండవ రకమే. చేతితో చెక్కడానికి, ముద్రలు వేయడానికి, అంచులు నునుపు చేయడానికి మొదటి రకమే అనుకూలం.

వేగానికి ఒక మూల్యం ఉన్నది. చిత్తూరు సీమను దాటి తమిళనాడులోకి ప్రవహించే పాలారు నది పొడవునా రాణిపేట, వాణియంబాడి, ఆంబూరు పట్టణాలలో తోళ్ళ కర్మాగారాలు వెలిశాయి. శుద్ధి చేయకుండా విడిచిన వ్యర్థజలం వల్ల అక్కడి పొలాలు, బావులు చెడిపోయాయి. వెల్లూరు పౌరుల సంక్షేమ వేదిక వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన తీర్పు, కలుషితం చేసినవారే నష్టాన్ని భరించాలన్న సూత్రాన్ని స్పష్టం చేసింది. బెరడు పద్ధతిలోనూ ఉప్పు, సున్నం కలిసిన మురుగునీరు వెలువడుతుంది కనుక ఏ తోలైనా శుద్ధి ఏర్పాట్లు గల చోట తయారైనదో కాదో విచారించడం కొనుగోలుదారు బాధ్యత. జంతుచర్మాన్ని వాడటానికి ఇష్టపడనివారు మందపాటి కాన్వాసు బట్ట మీద ఇదే కుట్టును అభ్యసించవచ్చు. కృత్రిమ తోలు పేరుతో అమ్మే సరుకులో చాలా భాగం ప్లాస్టిక్ పూత పూసిన బట్టే అన్న సంగతి వారు మరవరాదు.

తోలు మందాన్ని మిల్లీమీటర్లలో కొలుస్తారు. పర్సుకు 1 మిల్లీమీటరు, పుస్తకపు తొడుగుకు 1.5 నుంచి 2, నడికట్టుకు 3 నుంచి 3.5 మిల్లీమీటర్ల మందం సరిపోతుంది. వెన్నెముక వెంబడి ఉండే భాగం దట్టంగా, బలంగా ఉంటుంది. పొట్టభాగం వదులుగా సాగుతుంది. కనుక నడికట్టును వెన్నుభాగం నుంచే కోయాలి. తోలు మీద కనిపించే చిన్న మచ్చ, ముల్లు గీరిన గుర్తు లోపాలు కావు. ఆ జంతువు బ్రతికిన బ్రతుకుకు అవి ఆనవాళ్ళు.

పనిముట్లు

తోలుపనికి పెద్ద ఖర్చుతో కూడిన యంత్రాలు అక్కరలేదు. తెలుగు పల్లెలలోని పనివారి సంచిలో తరతరాలుగా ఉన్నవి నాలుగైదు పనిముట్లే. తోలుకు రంధ్రం చేసే ఆరె, తోలును కోయడానికి, అంచును పలుచన చేయడానికి వాడే రంపె, కొట్టడానికి గూటం, కింద పెట్టుకొనే చెక్కదిమ్మె, రెండు సూదులు, కొంత దారం. నేటి అభిరుచిదారులు వాడే పరికరాలన్నీ వీటికి వచ్చిన మార్పులే.

వీటికి తోడు ఇనుప కొలబద్ద, జామెట్రీ పెట్టెలోని విభాగిని, సమదూరంలో గుర్తులు వేయడానికి పళ్ళున్న చిన్న ఉలి, గుండ్రని రంధ్రాలు చేసే పంచ్, అంచుల పదును తీసివేసే సన్నని ఉలి, మైనం పూసిన నారదారం ఉంటే ప్రాథమిక సామగ్రి సమకూరినట్లే. ఉలిని గూటంతో కొట్టేటప్పుడు లోహపు సుత్తి వాడరాదు. ఉలి తల చితికిపోతుంది. కొయ్య గూటం దెబ్బను మెత్తగా అందిస్తుంది.

కత్తిని ఎల్లప్పుడూ పదునుగా ఉంచుకోవడం మొదటి నియమం. మొద్దు కత్తిని బలంగా నొక్కవలసి వస్తుంది. బలంగా నొక్కిన కత్తి జారినప్పుడే చేయి తెగుతుంది. కొలబద్దను పట్టుకున్న వేళ్ళు కత్తి దారిలో లేకుండా చూసుకోవాలి. రంగులు, జిగురు వాడేటప్పుడు కిటికీలు తెరచి ఉంచాలి.

రెండు సూదుల కుట్టు

చేతితో కుట్టిన తోలువస్తువు మన్నికకు రహస్యం దాని కుట్టులో ఉన్నది. కుట్టు మిషను రెండు వేర్వేరు దారాలను వాడుతుంది. పైదారం పైననే, కింది దారం కిందనే ఉండి, రంధ్రం నడుమ ఒకదానినొకటి కొక్కెంవలె పట్టుకుంటాయి. ఒకచోట దారం తెగితే ఆ పట్టు సడలి, పక్క కుట్లు కూడా ఊడిపోతాయి.

చేతికుట్టులో దారం ఒక్కటే. దాని రెండు కొనలకు రెండు సూదులు ఉంటాయి. ఒక సూది కుడి నుంచి ఎడమకు, రెండవ సూది ఎడమ నుంచి కుడికి, అదే రంధ్రంలో ఎదురెదురుగా దూరిపోతాయి. రెండు కొనలనూ సమానబలంతో లాగి బిగిస్తే ఒక కుట్టు పూర్తి. ఒకచోట దారం తెగినా, రెండవ పోగు అదే రంధ్రం గుండా సాగిపోతుంది కనుక తక్కిన కుట్లు నిలుస్తాయి. గుర్రపు జీనులు తయారు చేసేవారు ప్రాణాలకు భరోసాగా నమ్ముకున్న కుట్టు ఇదే. ఎదురు దిక్కుల నుంచి వచ్చిన రెండు సూదులు ఒకే రంధ్రాన్ని పంచుకోవడంలోనే దాని బలమంతా ఉన్నది.

దారం పొడవు కుట్టు పొడవుకు సుమారు నాలుగు రెట్లు ఉండాలి; సూదులకు ఎక్కించడానికి మరి కొంత విడిచిపెట్టాలి. దారానికి తేనెమైనం పట్టిస్తే అది రంధ్రంలో జారకుండా నిలిచి, తడికి కుళ్ళకుండా ఉంటుంది. ప్రతి కుట్టులోనూ ఏ సూది ముందు, ఏ సూది వెనుక అన్న వరుస మారకూడదు. మారిన చోట కుట్టు వంకరపోయి, చూపరికి వెంటనే పట్టుబడుతుంది.

తొలి వస్తువు – కార్డుల తొడుగు

నేర్చుకొనేవారికి తొలి వస్తువుగా కార్డుల తొడుగు తగినది. గుర్తింపు కార్డు, బ్యాంకు కార్డు మొదలైనవాటి కొలత సాధారణంగా 8.56 సెంటీమీటర్ల పొడవు, 5.4 సెంటీమీటర్ల వెడల్పు. మొదట మందపాటి కాగితం మీద రెండు ముక్కలు గీయాలి. వెనుక ముక్క 10 సెంటీమీటర్ల పొడవు, 7 సెంటీమీటర్ల ఎత్తు; ముందు ముక్క 10 సెంటీమీటర్ల పొడవు, 5 సెంటీమీటర్ల ఎత్తు. కాగితపు నమూనాలో నిజమైన కార్డును పెట్టి చూసి, సరిపోయిన తరువాతనే తోలును ముట్టుకోవాలి. కాగితం మీది తప్పుకు ఖర్చు లేదు.

నమూనాను తోలు మీద ఉంచి, ఆరె కొనతో గీత గీసి, ఇనుప కొలబద్ద ఆధారంగా ఒకే ఒత్తిడితో కోయాలి. ముందు ముక్క పై అంచును ముందే నునుపు చేసుకోవాలి. కుట్టిన తరువాత అక్కడికి చేయి దూరదు. రెండు ముక్కలను కింది అంచు కలిసేటట్లు పేర్చి, పక్కల, అడుగున మాత్రం సన్నగా జిగురు పూసి అతికించాలి. విభాగినిని 3 మిల్లీమీటర్లకు విప్పి, అంచు వెంబడి గీత లాగి, ఆ గీత మీద 4 మిల్లీమీటర్లకు ఒకటి చొప్పున రంధ్రాలు చేయాలి.

రెండు పక్కలా ఐదేసి సెంటీమీటర్లు, అడుగున పది సెంటీమీటర్లు – మొత్తం కుట్టు 20 సెంటీమీటర్లు. అంటే సుమారు 50 రంధ్రాలు, ఒక మీటరు దారం. ప్రతి రంధ్రంలోనూ రెండు సూదులు దూరాలి కనుక సూదిని వంద సార్లు లాగవలసి ఉంటుంది. కుట్టు ముగిసిన చోట రెండు మూడు కుట్లు వెనుకకు కుట్టి దారాన్ని కత్తిరిస్తే ముడి అవసరం ఉండదు. చివరగా అంచుల పదును ఉలితో తీసి, కొంచెం తడిపి, నున్నని కొయ్యతో రుద్దాలి. రాపిడి వల్ల పుట్టిన వేడికి పోగులు ఒకదానికొకటి అంటుకొని, రెండు ముక్కల అంచు ఒకే ముక్కవలె మెరుస్తుంది. అరచేతిలో ఇమిడే ఈ వస్తువుకు కొత్తవారికి ఒక పూట పడుతుంది.

ఈ పనిలో తెలిసే ముఖ్యమైన సంగతి ఒకటి ఉన్నది. బట్ట మీద తప్పు కుట్టు పడితే విప్పి మళ్ళీ కుట్టవచ్చు. నేతపోగులు దగ్గరకు జరిగి సూది గుర్తు మాసిపోతుంది. తోలు మీద చేసిన రంధ్రం పూడదు. కోసిన ముక్క అతకదు. అందువల్ల తోలుపని తొందరను సహించదు. రెండుసార్లు కొలిచి ఒక్కసారి కోయడం ఇక్కడ అలవాటుగా మారుతుంది. చేతితో అబ్బిన ఈ నిదానం చదువులోనూ, మాటలోనూ ఉపకరిస్తుంది.

తోలు మీద వెలుగు

తోలు అన్నివేళలా పదును పొందే వాడుకకు రాదు. తోలుబొమ్మలాట కళాకారులు మేకచర్మాన్ని బెరడు కషాయంలో వేయరు. వెంట్రుకలు తొలగించి, పలుచగా గీరి, బిగించి ఎండబెడతారు. అప్పుడు అది వెలుగును ప్రసరింపజేసే పొరగా మారుతుంది. దాని మీద బొమ్మ గీసి, చిన్న ఉలులతో వందలాది రంధ్రాలు చేసి, రెండు వైపులా రంగులు వేస్తారు. తెర వెనుక దీపం వెలిగినప్పుడు ఆ రంధ్రాలే రాముని కిరీటంలో రత్నాలై, సీతమ్మ మెడలో ముత్యాలై ప్రకాశిస్తాయి. చర్మం మీద చేసిన లోటే తెర మీద ఆభరణమవుతుంది.

నేడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న, గతంలో అనంతపురం జిల్లాకు చెందిన, ధర్మవరం సమీపంలోని నిమ్మలకుంట ఈ కళకు ప్రసిద్ధి చెందిన గ్రామం. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మల కళకు 2008లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ గ్రామానికి చెందిన దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ పురస్కారం ప్రకటించబడింది. సినిమా, టెలివిజన్ వచ్చిన తరువాత రాత్రంతా సాగే ఆటలకు ఆదరణ తగ్గగా, అక్కడి కళాకారులు అదే చర్మంతో, అదే ఉలితో దీపపు తొడుగులు, గోడకు తగిలించే చిత్రాలు, తలుపు అలంకారాలు తయారు చేయసాగారు. ఆడే బొమ్మ నిలిచే బొమ్మయింది. విద్య మాత్రం చేతులలో నిలిచింది.

ఉపసంహారం

ఒకే ఆరె ఇద్దరి చేతుల్లో ఉన్నప్పుడు లోకం దానిని రెండు పేర్లతో పిలుస్తుంది. నగరంలో అభిరుచిగా పట్టుకున్నవానిని కళాకారుడంటుంది. రోడ్డు పక్కన, చెట్టు నీడన, గొనెపట్టా పరచుకొని కూర్చున్నవానిని ఆ మాటతో పిలవదు. కుట్టు అదే, మైనం అదే, రంధ్రం తప్పితే పూడదన్న నియమమూ అదే. ఇరువురిలో రెండవవాని చేయి వేల చెప్పులు కుట్టి మరింత ఆరితేరినది. మొదటివానికి తప్పు పోతే ఒక ముక్క తోలు పోతుంది. రెండవవానికి ఆ పూట కూలి పోతుంది.

అభిరుచికి విలువ ఇక్కడే ఉన్నది. యాభై రంధ్రాలు స్వయంగా చేసి, వందసార్లు సూదిని లాగి, వేలి కొన నొప్పిపెట్టగా ఒక చిన్న తొడుగును పూర్తి చేసిన విద్యార్థులు, ఆ తరువాత చెప్పు తెగినప్పుడు కుట్టుకూలి వద్ద బేరమాడటానికి ముందు ఒక క్షణం ఆగుతారు. ఆ కుట్టు ఎంత సూటిగా పడిందో చూస్తారు. వీలైతే ఆరె ఎలా పట్టుకోవాలో ఆ పనివానినే అడిగి తెలుసుకుంటారు. అడిగినప్పుడు ఆయన గురువవుతాడు. ఏ పనికైనా గౌరవం దక్కే తొలి మెట్టు, దానిని నేర్చుకోదగిన విద్యగా గుర్తించడమే.

ప్రశ్నలు – అభ్యాసాలు

అ. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. పచ్చిచర్మం తోలుగా మారే సంప్రదాయ విధానాన్ని వివరించండి.
2. తోలుపని వారి శ్రమకు, సమాజం వారికిచ్చిన స్థానానికి మధ్య గల వైరుధ్యాన్ని పాఠం ఆధారంగా చర్చించండి.

ఆ. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. మిషను కుట్టుకు, రెండు సూదుల చేతికుట్టుకు గల భేదాన్ని తెలపండి.
2. యలవర్తి నాయుడమ్మ కృషిని సంగ్రహంగా రాయండి.
3. తోలుబొమ్మకు వాడే చర్మం ఏ విధంగా ప్రత్యేకమైనది?

ఇ. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. లంద అనగానేమి?
2. 'గబ్బిలం' కావ్యం ఏ సంవత్సరంలో వెలువడింది?
3. నడికట్టును తోలులోని ఏ భాగం నుంచి కోయాలి?

ఈ. భాషా కార్యకలాపం
మీ ప్రాంతంలోని ఒక చేతివృత్తి పనివారిని కలుసుకొని, వారు వాడే పనిముట్ల పేర్లను వారి మాటల్లోనే సేకరించి, ఒక్కొక్కదాని ఉపయోగాన్ని ఒక వాక్యంలో రాయండి.